లోహం ఓడెక్కుతుంది, మట్టి అక్కడే ఉండిపోతుంది: గని వ్యర్థాల బాధ్యత ఏ దేశానిది?

కోలారు బంగారు గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. గనిలోకి దిగేవాళ్లు లేరు. గని పైకి తోడిపోసిన మట్టి మాత్రం కదల్లేదు. కేజీఎఫ్ పట్టణం చుట్టూ 13 చోట్ల గుట్టలుగా పేరుకున్న ఆ బూడిదరంగు మట్టిని సైనైడ్ దిబ్బలు అంటారు. చిత్తూరు వైపు నుంచి తరతరాలుగా అక్కడికి పనికి వెళ్లిన తెలుగు కుటుంబాలకు వాటి గురించి కొత్తగా చెప్పనక్కర్లేదు. గాలి కాలంలో ఆ దిబ్బల మీది నుంచి లేచే దుమ్ము పిండి కంటే సన్నగా ఉంటుంది. తలుపులు మూసుకున్నా ఆగదు.

2024 జూన్‌లో ఈ దిబ్బలను మళ్లీ తవ్వి, మిగిలిపోయిన బంగారాన్ని తీయాలన్న కేంద్రం ప్రతిపాదనకు కర్ణాటక మంత్రివర్గం ఒప్పుకుంది. 2025 జనవరిలో కేంద్రం ప్రకటించిన జాతీయ కీలక ఖనిజాల మిషన్ కూడా గని వ్యర్థాల నుంచి ఖనిజాలు రాబట్టడాన్ని ఒక లక్ష్యంగా పెట్టుకుంది. సరిగ్గా మరుసటి నెల, ఫిబ్రవరి 18న, ఆఫ్రికాలోని జాంబియాలో ఒక రాగి కర్మాగారం వ్యర్థాల చెరువు కట్ట తెగింది. చైనా ప్రభుత్వరంగ సంస్థకు చెందిన ఆ కర్మాగారం నుంచి దాదాపు 5 కోట్ల లీటర్ల ఆమ్ల వ్యర్థం వాగులోకి, అక్కడి నుంచి కఫూయే నదిలోకి చేరింది. చేపలు చచ్చాయి, కిట్వే నగరానికి తాగునీరు ఆపేయాల్సి వచ్చింది. ఆ కఫూయే వెళ్లి కలిసేది జాంబెజీలో. జాంబెజీ మరో దేశం సరిహద్దును ఒరుసుకుంటూ, ఇంకో దేశం గుండా సముద్రానికి పోతుంది.

ఒక వార్తలో గని వ్యర్థం నిధి. ఇంకో వార్తలో విషం. రెండూ ఒకే జాతి పదార్థం. దీన్ని అర్థం చేసుకోవాలంటే ముందు అది ఎలా పుడుతుందో చూడాలి.

## ఒక కారులోని రాగికి ఎంత మట్టి

గని వ్యర్థం అనే మాట కింద మూడు నాలుగు వేర్వేరు వస్తువులున్నాయి. ఖనిజం పొరను చేరుకోవడానికి పైనుంచి తొలగించే మట్టీ రాళ్లూ మొదటి రకం. సింగరేణి ఓపెన్‌కాస్టు గనుల పక్కన కొండల్లా కనిపించేది ఇదే. ఓబీ మట్టి అంటారు. రెండోది టెయిలింగ్స్. ముడి ఖనిజాన్ని పిండిలా నూరి, నీళ్లూ రసాయనాలూ కలిపి, కావాల్సిన లోహాన్ని తీసుకున్నాక మిగిలే పలుచని బురద ఇది. దీన్ని గొట్టాల ద్వారా పంపి నిలవచేసే చోటే టెయిల్‌పాండ్. కడప జిల్లా తుమ్మలపల్లె వల్ల ఈ మాట తెలుగు పత్రికల్లోకి బాగానే వచ్చింది. అక్కడి యురేనియం టెయిల్‌పాండ్ వల్ల బోరు నీళ్లు పాడయ్యాయని చుట్టుపక్కల రైతులు ఏళ్లుగా ఫిర్యాదు చేస్తున్నారు. యురేనియం కార్పొరేషన్ ఆ ఆరోపణను ఒప్పుకోదు. ఇవి కాక కొలిమిలో మిగిలే చిట్టెం ఉంది, బాక్సైట్ నుంచి అల్యూమినా తీశాక మిగిలే ఎర్రని క్షార బురద ఉంది. దాన్ని రెడ్ మడ్ అంటారు.

ఎంత వస్తుందో ఒక లెక్క వేసి చూద్దాం. ఒక విద్యుత్ కారులో సుమారు 50 కిలోల రాగి ఉంటుంది. ఇప్పుడు తవ్వుతున్న చాలా రాగి గనుల్లో ఖనిజంలో రాగి ఒక శాతం కంటే తక్కువే. 0.6 శాతం అనుకుందాం. టన్ను రాయిలో 6 కిలోలు. అందులో పదోవంతు చేజారిపోతుందనుకుంటే చేతికొచ్చేది 5.4 కిలోలు. 50 కిలోల రాగికి తొమ్మిది టన్నులకు పైగా రాయి నూరాలి. రాగి పోగా ఆ తొమ్మిది టన్నులూ బురదగా మిగులుతాయి. ఆ రాయిని చేరడానికి దానికి రెండింతల మట్టి తొలగించారనుకుంటే మరో 18 టన్నులు. అంటే ఒక్క కారులోని తీగల కోసం 27 టన్నులకు పైగా మట్టి. కారు హైదరాబాదులో తిరుగుతుంది, మట్టి చిలీలోనో జాంబియాలోనో ఉంటుంది.

మంచి ఖనిజం ముందే అయిపోయింది కాబట్టి ఏటేటా ఖనిజంలో లోహం వాటా తగ్గుతోంది. 0.6 శాతం 0.3 అయితే బురద రెట్టింపవుతుంది. సౌర ఫలకాలకు, బ్యాటరీలకు గిరాకీ పెరుగుతున్న కొద్దీ ఈ సమస్య పెరుగుతుందే తప్ప తగ్గదు.

## కట్ట ఎందుకు తెగుతుంది

నీటి ఆనకట్టను ఒకేసారి కట్టి వాడుకుంటారు. టెయిల్‌పాండ్ కట్టను గని నడిచినన్నాళ్లూ కడుతూనే ఉంటారు. బురద నిండే కొద్దీ కట్ట ఎత్తు పెంచాలి. పెంచే పద్ధతుల్లో అన్నిటికంటే చవకైనదాన్ని 'అప్‌స్ట్రీమ్' అంటారు. ఇందులో కొత్త కట్ట పునాదిలో కొంత భాగం పాత కట్ట మీద కాక, లోపల ఎండి గట్టిపడిందనుకున్న బురద మీద పడుతుంది. మట్టి ఖర్చు తగ్గుతుంది. కానీ కట్ట బలం ఆ బురద బలమే.

సముద్రం ఒడ్డున తడి ఇసుక మీద నిలబడి పాదాలను కాసేపు అదిలించి చూడండి. గట్టిగా ఉన్న ఇసుక ఉన్నట్టుండి జావలా మారి కాళ్లు దిగబడతాయి. రేణువుల మధ్య నీరు చేరి, అవి ఒకదానికొకటి ఆనుకోవడం మానేస్తే జరిగేది అదే. కోటి ఘనపు మీటర్ల బురద ఒక్కసారిగా అలా మారితే ఏమవుతుందో 2019 జనవరి 25న బ్రెజిల్‌లోని బ్రుమాడిన్యోలో ప్రపంచం చూసింది. వాలే కంపెనీ ఇనుప గనిలోని ఆ కట్టలో 2016 నుంచి కొత్త బురద పోయడం లేదు. కొద్ది నెలల ముందే అది భద్రంగా ఉందని ధ్రువపత్రం కూడా వచ్చింది. మధ్యాహ్నం పన్నెండున్నర వేళ కట్ట జారింది. సైరన్ మోగలేదు. కట్టకు దిగువనే సిబ్బంది క్యాంటీన్ ఉంది, అది భోజనాల సమయం. 270 మంది చనిపోయారు. కడుపులోని ఇద్దరు శిశువులను కూడా కలిపి కుటుంబాలు 272 అని లెక్క చెబుతాయి. నేనూ ఆ లెక్కే సరైనదనుకుంటాను.

కట్ట తెగకపోయినా ముప్పు ఉంటుంది. చాలా ఖనిజాల్లో గంధకం కలిసిన పైరైట్ ఉంటుంది. భూమి లోపల ఉన్నంతకాలం అది ఎవరి జోలికీ రాదు. నూరి బయట పోస్తే గాలీ నీరూ తగిలి గంధకామ్లం పుడుతుంది. ఆ ఆమ్లం రాతిలోని సీసం, ఆర్సెనిక్, కాడ్మియం వంటి వాటిని కరిగించి నీటిలోకి దించుతుంది. ఇది మొదలైతే పదుల ఏళ్లు, ఒక్కోసారి వందల ఏళ్లు సాగుతుంది. గని ఆయుష్షు ఇరవై ముప్ఫై ఏళ్లు. ఈ రెండు కాలాల మధ్య తేడాలోనే బాధ్యత ఎవరిదన్న ప్రశ్న అంతా ఉంది.

## పాత చెత్తలో బంగారం తీయబోతే, మూడు దేశాల నది

సరిహద్దులు దాటిన గని వ్యర్థాల చరిత్రలో అందరూ మళ్లీ మళ్లీ చెప్పుకొనే ఘటన 2000 జనవరి 30 నాటిది. రొమేనియాలో బయా మారే అనే గనుల పట్టణం ఉంది. అక్కడ పేరుకున్న పాత టెయిలింగ్స్ నుంచి మిగిలిన బంగారం, వెండి తీయడానికి ఒక ఆస్ట్రేలియా కంపెనీ, రొమేనియా ప్రభుత్వరంగ గని సంస్థ కలిసి అవురుల్ అనే కర్మాగారం పెట్టాయి. పట్టణం పక్కనున్న పాత దిబ్బను తవ్వి, సైనైడ్‌తో శుద్ధి చేసి, మిగిలిన బురదను ఊరికి దూరంగా కొత్త చెరువులో పోయాలన్నది పథకం. అంటే ఇవాళ మనం మెచ్చుకుంటున్న రీసైక్లింగే.

కొత్త చెరువులోని నీటిని మళ్లీ మళ్లీ వాడుకుంటారు కాబట్టి బయటికి ఒక్క చుక్క కూడా పోదని కాగితం మీద రాసుకున్నారు. అందుకే అదనపు నీరు వస్తే సురక్షితంగా మళ్లించే ఏర్పాటు పెట్టుకోలేదు. ఆ చలికాలం మంచు బాగా పడింది, దాని మీద వాన కురిసింది, మంచు కరిగింది. రాత్రిపూట కట్ట సుమారు 25 మీటర్ల మేర తెగింది. లక్ష ఘనపు మీటర్ల సైనైడ్ నీరు చిన్న నదుల్లోకి, అక్కడి నుంచి సోమెష్‌లోకి, సరిహద్దు దాటి హంగరీలోని టిసా నదిలోకి, ఆపై నాటి యుగోస్లావియాలో డాన్యూబ్‌లోకి చేరింది. దాదాపు 2,000 కిలోమీటర్లు ప్రయాణించి, సుమారు నాలుగు వారాలకు నల్ల సముద్రం దగ్గరి డెల్టాకు చేరింది. ఒక్క హంగరీలోనే 1,200 టన్నులకు పైగా చేపలు చచ్చాయని ఆ దేశం అంచనా వేసింది.

ఇందులో ఎక్కువమంది గమనించని సంగతి ఒకటుంది. మనుషులు ఎవరూ చనిపోలేదు. డాన్యూబ్ పరీవాహక దేశాలు అంతకు మూడేళ్ల ముందే ఒక హెచ్చరికల వ్యవస్థ పెట్టుకున్నాయి. ఎగువన ఏదైనా ప్రమాదం జరిగితే దిగువ దేశాల కేంద్రాలకు వెంటనే సమాచారం వెళ్లాలి. వెళ్లింది. హంగరీ అధికారులు టిసా సరస్సు ఆనకట్ట గేట్లను తాత్కాలికంగా మూశారు, తాగునీటి విషయంలో ముందే జాగ్రత్తపడ్డారు. తర్వాత వచ్చిన ఐక్యరాజ్యసమితి బృందం కూడా ఈ సమాచార మార్పిడి వల్లే నష్టం తగ్గిందని నమోదు చేసింది. నదిని పంచుకునే దేశాల మధ్య ముందే కుదిరిన ఒక సాదాసీదా ఏర్పాటు ఎంత పని చేయగలదో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు.

డబ్బు దగ్గరికి వచ్చేసరికి కథ మారింది. పరిహారం కోసం హంగరీ కోర్టుకెక్కింది. కంపెనీ పేరు మారింది, తర్వాత దివాలా తీసింది. బయా మారేలో ఉండే ఒక తండ్రీ కొడుకూ యూరోపియన్ మానవ హక్కుల న్యాయస్థానం దాకా వెళ్లారు. కొడుకు ఆస్తమా ముదరడానికి సైనైడే కారణమని రుజువు కాలేదని కోర్టు అంది. అయినా ప్రమాదాన్ని అంచనా వేయడంలో, ప్రజలకు సమాచారం ఇవ్వడంలో రొమేనియా ప్రభుత్వం విఫలమైందని, అది వారి హక్కుల ఉల్లంఘనేనని 2009 జనవరిలో తీర్పు చెప్పింది. ప్రమాదం జరిగిన తొమ్మిదేళ్లకు.

బయా మారే జరిగిన పదేళ్లకు, 2010 అక్టోబర్ 4న, నాటి బాధిత దేశమైన హంగరీలోనే అయికా అల్యూమినా కర్మాగారం రెడ్ మడ్ చెరువు తెగింది. పది మంది చనిపోయారు, క్షార జలం మళ్లీ డాన్యూబ్‌లోకే చేరింది. ఎప్పుడూ దిగువనే ఉండే దేశం ఏదీ ఉండదు.

## ఏ ఒప్పందం దేనికి పనికొస్తుంది

గని వ్యర్థాల కోసమే ప్రత్యేకంగా ప్రపంచ దేశాలన్నీ సంతకం చేసిన ఒప్పందం ఇప్పటికీ లేదు. ఉన్నవి తలా ఒక ముక్క పట్టుకుంటాయి. 1989 నాటి బాసెల్ ఒప్పందం ప్రమాదకర వ్యర్థాలను ఒక దేశం నుంచి మరో దేశానికి పంపడాన్ని నియంత్రిస్తుంది. వ్యర్థాన్ని ఓడలో పంపితే దానికి సంబంధం ఉంది, కట్ట తెగి నదిలో కొట్టుకుపోతే లేదు. పాదరసం మీద వచ్చిన మినమాటా ఒప్పందం గని టెయిలింగ్స్‌ను చాలావరకు పక్కన పెట్టి, పాదరసం నిర్ణీత మోతాదు మించితేనే లెక్కలోకి తీసుకుంటుంది. అయితే పాదరసం గనుల వ్యర్థాలకు ఈ మినహాయింపు లేదు. సరిహద్దులు దాటే పారిశ్రామిక ప్రమాదాల మీద 1992లో హెల్సింకీలో కుదిరిన ఒప్పందం అన్నిటికంటే దగ్గరగా వస్తుంది. కానీ అది ప్రధానంగా యూరప్, మధ్య ఆసియా దేశాలది. అది అమల్లోకి వచ్చింది 2000 ఏప్రిల్‌లో, బయా మారే జరిగిన పదకొండు వారాలకు.

ఆ ప్రమాదం నుంచి గట్టిగా పాఠం నేర్చుకున్నది యూరోపియన్ యూనియన్. 2006లో గని వ్యర్థాల మీద చట్టం తెచ్చింది. దాని ప్రకారం వ్యర్థాల చెరువు కట్టే ముందే కంపెనీ ఆర్థిక హామీ చూపాలి. కంపెనీ మునిగినా శుభ్రం చేయడానికి ఆ డబ్బు ఉండాలన్నది ఉద్దేశం. పొరుగు దేశం మీద ప్రభావం పడేట్టుంటే ఆ దేశానికి ముందే తెలపాలి. చెరువులోకి వదిలే బురదలో సులువుగా విడివడే సైనైడ్ పది లక్షల పాళ్లలో 50కి మించకూడదని మొదలుపెట్టి, మెట్లు మెట్లుగా 2018 నాటికి 10కి దించారు. బంధించే చట్టం ఉంటే ఏం చేయవచ్చో చూపించే నమూనా ఇది. కానీ యూనియన్ సరిహద్దుతోనే ఆగిపోతుంది. యూరప్ వాడే లోహాల్లో చాలా భాగం ఆ సరిహద్దు అవతలే తవ్వుతారు.

ఐక్యరాజ్యసమితి పర్యావరణ సభ 2019లోనూ, 2022లోనూ ఖనిజ వనరుల మీద తీర్మానాలు చేసింది. అవి చర్చకు తలుపు తీశాయి. బాధ్యతను ఎవరి మీదా మోపలేదు.

## పింఛను డబ్బు అడిగిన ప్రశ్న

ప్రభుత్వాలు కదలని చోట అనుకోని వైపు నుంచి ఒత్తిడి వచ్చింది. బ్రుమాడిన్యో తర్వాత ఇంగ్లండ్ చర్చి పింఛను నిధి, స్వీడన్ ప్రభుత్వ పింఛను నిధుల నైతిక మండలి కలిసి గని కంపెనీలకు లేఖలు రాశాయి. మీకు ఎన్ని టెయిల్‌పాండ్లు ఉన్నాయి, ఎక్కడున్నాయి, ఏ పద్ధతిలో కట్టారు, తెగితే ఎంత నష్టమో బహిరంగంగా చెప్పమని అడిగాయి. 2020 జనవరిలో 1,700కు పైగా కట్టల వివరాలతో ఎవరైనా చూడదగిన ఒక సమాచార నిధి తెరుచుకుంది. అప్పటివరకు ఇన్ని కట్టల వివరాలు ఒకచోట దొరికే పరిస్థితే లేదు. జవాబు ఇవ్వని కంపెనీల కట్టలు అందులో లేవన్నది గుర్తుంచుకోవాలి.

అదే ఏడాది ఆగస్టు 5న ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం, మదుపరుల వేదిక, పెద్ద గని కంపెనీల సంఘం కలిసి టెయిలింగ్స్ నిర్వహణకు ప్రపంచ ప్రమాణం విడుదల చేశాయి. 15 సూత్రాలు, 77 నిబంధనలు. ప్రతి కట్టకూ పై స్థాయి అధికారి ఒకరు పేరుతో సహా జవాబుదారీగా ఉండాలి, బయటి నిపుణులు సమీక్షించాలి, దిగువ గ్రామాలకు సమాచారం ఇవ్వాలి. ఆ సంఘం సభ్య కంపెనీలు ప్రాణనష్టం భారీగా ఉండే కట్టలకు 2023 ఆగస్టు, మిగతావాటికి 2025 ఆగస్టు గడువుగా పెట్టుకున్నాయి. అమలును పర్యవేక్షించే సంస్థ ఒకటి 2025 జనవరిలో ఏర్పడింది.

దీని మీద వాదన ఇంకా తెగలేదు. బాధిత ప్రాంతాల పక్షాన పనిచేసే పర్యావరణ సంస్థలు మూడు లోపాలు చూపుతాయి. ఇది స్వచ్ఛందం. సంతకం చేసిన కంపెనీలది మొత్తం పరిశ్రమలో సుమారు మూడోవంతు మాత్రమే. అప్‌స్ట్రీమ్ కట్టలను నిషేధించలేదు. చిలీ 1965 భూకంపంలో ఎల్ కోబ్రే కట్ట కూలి 200 మందికి పైగా చనిపోయాక 1970లోనే వాటిని నిషేధించింది, ఒక దేశం చేయగలిగినది అందరూ ఎందుకు చేయలేరని వీళ్లు అడుగుతారు. భూకంపాలు తక్కువగా ఉండి, ఎండ బాగా కాసే చోట నీరు పోయే ఏర్పాట్లతో కట్టిన అప్‌స్ట్రీమ్ కట్టలు దశాబ్దాలుగా నిలిచాయని, ఇప్పటికే ఉన్నవాటిని హడావుడిగా కదిలిస్తే అదే ప్రమాదమని ఇంజనీర్లలో ఒక వర్గం అంటుంది. బ్రెజిల్ అనుభవం రెండు పక్షాలకూ సాక్ష్యంగా పనికొస్తుంది. నిషేధించింది, కూల్చివేతకు 2022 గడువు పెట్టింది, గడువు దాటినా చాలా కట్టలు మిగిలాయి. బురదలోని నీటిని పిండేసి పొడి దిబ్బగా పేర్చే పద్ధతి ఉంది. ఖర్చు ఎక్కువ. ఆ ఖర్చును లోహం ధరలో కలపడానికి కొనేవాళ్లు సిద్ధంగా ఉన్నారా అన్నది అసలు ప్రశ్న.

## తవ్విన దేశమే మాయమైతే

కిర్గిజ్‌స్తాన్‌లో మైలూ-సూ అనే చిన్న పట్టణం ఉంది. 1946 నుంచి 1968 వరకు సోవియట్ యూనియన్ అక్కడ యురేనియం తవ్వింది. కొండ వాలుల మీద, నది ఒడ్డున 23 చోట్ల రేడియోధార్మిక టెయిలింగ్స్ పోసి వెళ్లిపోయింది. అది భూకంపాలొచ్చే నేల, కొండచరియలు జారే నేల. ఆ నది పారేది ఉజ్బెకిస్తాన్‌తో పంచుకునే ఫెర్గానా లోయలోకి. మధ్య ఆసియాలో జనం అత్యంత దట్టంగా ఉండే సాగుభూమి అది.

కలుషితం చేసినవాడే ఖర్చు భరించాలన్న సూత్రం ఇక్కడ దేని మీద నిలబడుతుంది? తవ్విన దేశం 1991లో లేకుండా పోయింది. యురేనియం ఎక్కడికో వెళ్లిపోయింది. మట్టి ఒక పేద దేశానికి వారసత్వంగా మిగిలింది. చివరికి దారి చూపింది ఉమ్మడి నిధి. 2015లో యూరోపియన్ కమిషన్ చొరవతో, యూరోపియన్ పునర్నిర్మాణ అభివృద్ధి బ్యాంకు నిర్వహణలో మధ్య ఆసియా పర్యావరణ పునరుద్ధరణ ఖాతా ఏర్పడింది. అంతర్జాతీయ అణుశక్తి సంస్థ సాంకేతిక పక్షం చూసుకుంది. ఆ డబ్బుతో కిర్గిజ్‌స్తాన్‌లో షెకాఫ్తార్, మిన్-కుష్ అనే రెండు చోట్ల పనులు పూర్తయ్యాయి. తప్పు ఎవరిదన్న దగ్గర ఆగిపోకుండా పని ఎవరు చేయాలన్న దగ్గర మొదలుపెట్టడం వల్ల ఇది సాధ్యమైంది.

కీలక ఖనిజాల మీద ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శి నియమించిన బృందం 2024 సెప్టెంబరులో ఇదే ఆలోచనను ప్రపంచ స్థాయికి పెంచింది. వదిలేసిన పాత గనుల కోసం ఒక ప్రపంచ నిధి ఉండాలని సూచించింది. ఆ బృందంలో భారత్ కూడా ఉంది. అభ్యంతరాలూ ఉన్నాయి. ఉమ్మడి నిధి ఉందని తెలిస్తే ఇవాళ తవ్వే కంపెనీలు తమ మురికిని దాని మీదికి నెట్టవా అన్నది ఒకటి. ఎవరు ఎంత వేయాలి, తవ్విన లెక్కనా, వాడుకున్న లెక్కనా అన్నది ఇంకొకటి.

## తిరిగి తవ్వితే దిబ్బ తరుగుతుందా

ఇక కేజీఎఫ్‌కు తిరిగి వద్దాం. దిబ్బల్లో సుమారు 3.3 కోట్ల టన్నుల మట్టి, అందులో దాదాపు 23 టన్నుల బంగారం ఉండవచ్చని అంచనా. టన్నుకు 0.7 గ్రాములు. దక్షిణాఫ్రికాలో జోహన్నెస్‌బర్గ్ చుట్టూ 1970ల నుంచి పాత బంగారు దిబ్బలను నీటి ధారలతో కరిగించి తిరిగి శుద్ధి చేస్తున్నారు. అక్కడ టన్నుకు 0.2 గ్రాములు వచ్చినా గిట్టుబాటవుతోంది. కాబట్టి కోలారు లెక్క ఆశ పుట్టించడంలో వింత లేదు.

అయితే ఉన్న బంగారంలో సగం, అంటే 11.5 టన్నులు తీశామనుకుందాం. 3.3 కోట్ల టన్నుల్లోంచి 11.5 టన్నులు తీస్తే దిబ్బ ఎంత తగ్గుతుంది? పది లక్షల్లో ఒక వంతు కూడా తగ్గదు. తీసిన మట్టంతా మళ్లీ ఎక్కడో పోయాలి, ఈసారి కొత్త నీళ్లతో, కొత్త రసాయనాలతో కలిపి. రీసైక్లింగ్ అన్న మాట వినగానే చెత్త మాయమవుతుందన్న భావన కలుగుతుంది. లోహం కోసం చేసే రీసైక్లింగ్‌లో చెత్త మాయం కాదు, చోటు మారుతుంది. బయా మారేలో జరిగింది అదే. 2022 సెప్టెంబరులో దక్షిణాఫ్రికాలోని యాగర్స్‌ఫాంటైన్‌లో పాత వజ్రాల దిబ్బను తిరిగి శుద్ధి చేస్తున్న చోట కట్ట తెగి ఇళ్లను బురద ముంచెత్తింది.

అలాగని చోటు మార్చడం వృథా కాదు. జోహన్నెస్‌బర్గ్‌లో ఇళ్ల మధ్యనున్న దిబ్బలు తొలగి నేల వాడుకకు వచ్చింది. పాత దిబ్బ అడుగున ఏ పరుపూ లేకుండా నేల మీదే ఉంటే, కొత్తది నీరు ఇంకని పరుపు మీద వేయవచ్చు. ఆమ్లం పుట్టించే పైరైట్‌ను వేరు చేసి తీసేయవచ్చు. ఇవన్నీ ఒప్పంద పత్రంలో రాస్తే జరుగుతాయి. బంగారం మాత్రమే రాస్తే బంగారమే జరుగుతుంది.

దిబ్బ నిజంగా తరగాలంటే మట్టినే వాడాలి. ఓబీ మట్టి నుంచి ఇసుక తీయవచ్చు, ఖాళీ అయిన భూగర్భ గనులను దానితో నింపవచ్చు. బ్రుమాడిన్యో కట్ట యజమాని అయిన వాలే 2021 నుంచి ఇనుప ఖనిజం వ్యర్థాల నుంచి తీసిన ఇసుకను నిర్మాణాలకు అమ్ముతోంది. నదుల్లో ఇసుక కోసం మన దగ్గర జరిగే విధ్వంసాన్ని తలచుకుంటే ఇది చిన్న విషయం కాదు. రెడ్ మడ్‌లోని ఇనుము కోసం సిమెంటు కర్మాగారాలు కొంత తీసుకుంటాయి.

ఇక్కడ అడ్డం వచ్చేది లారీ కిరాయి. గ్రాముల్లో ఉండే బంగారం ఎంత దూరమైనా పోతుంది. టన్ను ఇసుక ధర తక్కువ, బరువు ఎక్కువ. కొంత దూరం దాటాక కిరాయే ధరను మించిపోతుంది. అందుకే లోహం ఖండాలు దాటుతుంది, మట్టి పక్క జిల్లాకు కూడా చేరదు. దేశాల మధ్య సహకారం అంటే మట్టిని పంచుకోవడం కాదు. శుద్ధి విధానాన్ని, డబ్బును, పరీక్షించే నైపుణ్యాన్ని పంచుకోవడం. 2024లో అమల్లోకి వచ్చిన యూరప్ కీలక ముడిపదార్థాల చట్టం తన సభ్య దేశాలను పాత గని వ్యర్థాల్లో ఏముందో లెక్కలు తీయమంటోంది. జాంబియాలోని పాత దిబ్బల లెక్కలు తీయడానికి డబ్బు, ప్రయోగశాలలు ఎవరివన్నది వేరే ప్రశ్నగా మిగిలింది.

## మనం ఎగువనా, దిగువనా

తెల్లవాళ్ల కంపెనీ 1880లో కోలారులో తవ్వకం చేపట్టింది. గనులు మూతపడేనాటికి 800 టన్నులకు పైగా బంగారం వచ్చింది. వలస పాలన కాలంలో తీసినదాంట్లో చాలా భాగం ఇంగ్లండుకు ఓడెక్కింది, మట్టి ఇక్కడే మిగిలింది. ఆ అనుభవం మనది కాబట్టి జాంబియా బాధ, కిర్గిజ్‌స్తాన్ బాధ మనకు చెప్పకుండానే అర్థమవుతాయి.

కానీ ఇప్పుడు అవతలి ఒడ్డున కూడా మనమే ఉన్నాం. భారత ప్రభుత్వరంగ సంస్థ కాబిల్ 2024 జనవరిలో అర్జెంటీనాలోని కటమార్కాలో ఐదు లిథియం క్షేత్రాల్లో అన్వేషణకు ఒప్పందం చేసుకుంది. ఎడారి పీఠభూమిలో ఉప్పునీటిని పైకి తోడి లిథియం తీసే ప్రాంతం అది. లిథియం వస్తే మన కార్లకు వస్తుంది, మిగిలిన ఉప్పు అక్కడే ఉంటుంది. మన ఇంటి పక్కన కూడా ఇదే బొమ్మ ఉంది. ఒడిశాలోని దామన్‌జోడిలో నాల్కో తీసే అల్యూమినా రైల్లో విశాఖపట్నం వచ్చి ఓడరేవు నుంచి విదేశాలకు వెళుతుంది. టన్ను అల్యూమినాకు టన్నుకు పైగా రెడ్ మడ్ పుడుతుంది. అది కొరాపుట్ కొండల్లోనే ఉంటుంది. విశాఖలో ఓడెక్కే ఆ తెల్లని పొడి ధరలో కొరాపుట్‌లోని ఎర్రని బురదను వందేళ్లపాటు కాపలా కాసే ఖర్చు ఎంత కలిసి ఉందన్నది కొనే దేశం ఇప్పటివరకు అడగాల్సిన అవసరం రాలేదు. కటమార్కా ప్రజలు రేపు మనల్ని అడగబోయేది సరిగ్గా ఆ లెక్కే.